బోటి కడిగిన చేతులకు మైల లేదు

మేక పేగు తింటే రుచి అంటరు. పంది పేగు తింటే నీచం అంటరు. ఈ లెక్క ఎవడు కట్టిండు? ఏ తరాజులో తూచిండు? మేక కడుపులో ఉండేది అరగని మేతే, పంది కడుపులో ఉండేదీ అరగని మేతే. రెంటినీ తిరగేసి కడగాల్సిందే. రెంటికీ ఉప్పు పెట్టి రుద్దాల్సిందే. మరి మేక బోటి హైదరాబాదు హోటళ్ళ బోర్డుల మీద 'తెలంగాణ స్పెషల్' అని ఎట్లా ఎక్కింది? పంది బోటి మన ఇండ్లల్లో తలుపు దగ్గరికేసి వండుకునే కూరగా ఎట్లా మిగిలింది?

తేడా పేగులో లేదు. ఆ పేగును కడిగే చేతుల కులంలో ఉంది. ఈ మాట విప్పి చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

మన టేకులపల్లి మండలం సంగతి మనకు తెలుసు. ఒక దిక్కు ఇల్లెందు, ఒక దిక్కు కొత్తగూడెం. నడుమ టేకు అడవి, కోయగూడెం ఓపెన్‌కాస్టు బొగ్గు దుమ్ము. కోయలు, లంబాడీలు, మాలలు, మాదిగలు, ఎరుకలోళ్ళు - కష్టం చేసే జనమే ఇక్కడ ఎక్కువ. 2016 అక్టోబరు 11న జిల్లా పేరు ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెంగా మారింది. జిల్లా మారింది గానీ, సంతలో పంది మాంసం కొన్నోడు దాన్ని రెండు నల్ల కవర్లల్లో చుట్టి సంచి అడుగున పెట్టుకొని పొయ్యే తీరు మారలేదు. ఎందుకు దాచాలె? దొంగ సొమ్మా అది? కూలి పైసలు పెట్టి కొన్న కూర గదా!

2014లో కేంద్ర ప్రభుత్వం రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేసిన సర్వే ఒకటి ఉంది. పదిహేనేండ్లు దాటినోళ్ళల్లో తెలంగాణలో వందకు 98 మందికి పైగా మాంసం తినేవాళ్ళే అని అందులో తేలింది. దేశంలో ఇంత ఎక్కువ ఇంకే పెద్ద రాష్ట్రంలోనూ లేదు. అంటే ఇక్కడ కొట్లాట మాంసానికీ శాకాహారానికీ నడుమ కాదు. తొంభై ఎనిమిది మంది తినేదాంట్లోనే ఏది పైన, ఏది కింద అని మెట్లు కట్టిండ్రు. కోడి పైమెట్టు, మేక ఇంకా పైమెట్టు. పంది, పెద్దకూర అట్టడుగు మెట్లు. మనుషులకు కట్టిన మెట్లే పళ్ళెంలో కూడా కట్టిండ్రు. మనువు వంటింట్లోకి కూడా వచ్చి కూసున్నడు.

వరాహం దేవుడు, పంది అంటరానిదా?

పందిని చూసి ముక్కు మూసుకునే అయ్యలను ఒక మాట అడుగుదాం. మీ దశావతారాల్లో మూడో అవతారం ఏది? వరాహం కాదా? వరాహం అంటే ఏమిటి, నెమలా? తిరుమలకు పోయినోడు వెంకటేశ్వరుని కంటే ముందు వరాహస్వామిని దర్శించాలని ఆచారం పెట్టింది ఎవరు? చాళుక్య రాజుల రాజముద్ర వరాహం. రాజులు, దొరలు బిందెల్లో పెట్టి పాతిపెట్టిన బంగారు నాణేన్ని 'వరహా' అన్నరు, దాని మీద వరాహం బొమ్మ ముద్ర ఉండేది గనుక. మన భద్రాచలం గుడి కథలోనే చూడండి. పాల్వంచ తాసీల్దారు కంచర్ల గోపన్న ఆరు లక్షల వరహాలు ఖర్చుపెట్టిండని, రాముడే వచ్చి తానీషాకు ఆ వరహాలు కట్టిండని చెప్తరు. ఆ పేరులో ఉన్నది పందే గదా!

సంస్కృతంలో పిలిస్తే పూజ. తెలుగులో పిలిస్తే ఛీ. రాతిలో చెక్కితే మొక్కుడు. పొయ్యి మీద పెడితే వెలి. ఇది శుచి కాదు, ఇది పెత్తనం.

ఇంకో సాక్ష్యం. పక్కన కర్ణాటకలో కొడగు జిల్లా ఉంది. అక్కడ కొడవల పెండ్లిల్లో పంది కూర లేకపోతే విందే కాదు. కాచంపులి అనే పుల్లటి రసం పోసి నల్లగా వండుతరు. టూరిస్టులు కార్లు వేసుకొని పోయి తింటరు. కొడవలను ఎవడన్నా అంటరానోళ్ళు అన్నడా? అనలేదు. ఎందుకు అనలేదు? వాళ్ళకు కాఫీ తోటలున్నయి. ఆయుధాల చట్టం కింద తుపాకీ లైసెన్సు నుంచే మినహాయింపు ఉంది. పంది తినడం వల్ల అంటరానితనం వచ్చేదైతే ముందు కొడగులో రావాలె. రాలేదు. భూమి ఉన్నోడు పంది తింటే అది సంప్రదాయం. భూమి లేనోడు తింటే అది నీచం. కాబట్టి సోదరులారా, ఇది నాలిక సంగతి కాదు, నేల సంగతి.

అంబేద్కర్ వద్దన్నది దేన్ని?

మనలో చదువుకున్న కొందరు అంటరు: "బాబాసాహెబే గదా ఇవన్నీ మానెయ్యమన్నది? ఇంకా పేగులు, పొట్టలు అని ఎందుకు పట్టుకొని వేలాడుతరు?" ఈ మాటకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేం.

1927లో మహద్‌లో అంబేద్కర్ మన జనానికి చెప్పింది నిజం: చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, చచ్చిన గొడ్డును ఈడ్చొద్దు. ఆయన కొట్టింది దేన్ని? ఊరిదొర ఇంట్లో గొడ్డు చస్తే, దాన్ని మొయ్యడం మన విధి, దాని మాంసమే మన కూలి అనే ఏర్పాటును. అది కూర కాదు, వెట్టి. 1948లో రాసిన 'అంటరానివారు ఎవరు' అనే పుస్తకంలో ఆయన చేసిన వాదన ఏమిటి? గోమాంసం ఒకప్పుడు బ్రాహ్మలతో సహా అందరూ తిన్నరు. బౌద్ధంతో పోటీలో బ్రాహ్మలు మానేసి ఆవును పవిత్రం చేసిండ్రు. మానలేని పేదలు, చచ్చిన ఆవు మాంసం మీద బతకాల్సి వచ్చినోళ్ళు అంటరానోళ్ళయిండ్రు. అంటే తిండిని కులంగా మార్చిన కుట్రను బయటపెట్టిన మనిషి ఆయన. ఆయన పేరు చెప్పి అమ్మ వండిన కూరను ఛీ కొట్టడం ఎక్కడి న్యాయం?

ఊరోళ్ళు పారేసింది ఏరుకోవడం వేరు. సొంత పైసలతో తాజా మాంసం కొని, శుభ్రంగా కడిగి, ఇష్టంగా వండుకోవడం వేరు. మొదటిది వదిలెయ్యాలె, వదిలేసినం. రెండోదాన్ని ఎవడూ వదలమనడానికి లేదు. సంఘం కార్యకర్తలు ఇది కూడా గుర్తుంచుకోవాలె: చచ్చిన గొడ్డును మొయ్యమని, తియ్యమని దళితులను బలవంతం చెయ్యడం అత్యాచారాల నిరోధక చట్టం సవరణ కింద 2016 జనవరి 26 నుంచి నేరం. ఊళ్ళో ఎవడన్నా ఆ మాటంటే కేసు పెట్టండి.

ఈ వాదన మన ఒక్కళ్ళదే కాదు. అమెరికాలో నల్లజాతి బానిసలకు జరిగింది చూడండి. పందిని కోస్తే తొడ, నడుము యజమాని తీసుకునేది. పేగులు, కాళ్ళు, చెవులు బానిసల గుడిసెలకు పొయ్యేవి. ఆ పేగులను వాళ్ళు గంటల తరబడి కడిగి ఉడికించి పండుగ వంట చేసుకున్నరు. 'చిట్లిన్స్' అంటరు. 1960ల్లో నల్లజాతి ఉద్యమం లేచినప్పుడు ఆ వంటలకు 'ఆత్మ తిండి' అని అర్థం వచ్చే పేరు పెట్టుకొని తలెత్తుకొని తిన్నరు. వాళ్ళల్లోనే ఎలైజా ముహమ్మద్ లాంటి నాయకులు, ఇది బానిస కూడు, మానెయ్యాలె అన్నరు. ఆ చర్చ వాళ్ళ ఇంట్లో వాళ్ళు చేసుకున్నరు. తెల్లోడి సర్టిఫికెట్ కోసం చెయ్యలేదు. మనం కూడా తింటమా మానుతమా అనేది మన చావిట్లో తేల్చుకుందాం. దొర అరుగు ముందు చేతులు కట్టుకొని కాదు.

రోగం ఎవరిది?

"పంది తింటే మెదడులో పురుగు చేరుతది" అని భయపెట్టేవాళ్ళు ఉన్నరు. బడిపంతుళ్ళం గనుక ఈ పాఠం నిదానంగా చెప్తం.

పంది మాంసంలో బద్దెపురుగు బుడగలు ఉండొచ్చు. సరిగ్గా ఉడకని మాంసం తింటే ఆ పురుగు మనిషి పేగులో పెరుగుతది. బాగా ఉడికిస్తే చస్తది. కానీ మెదడులో చేరి మూర్ఛ తెప్పించేది ఆ పురుగు గుడ్లు. ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం నుంచి. మలం కలిసిన నీళ్ళ నుంచి, కడగని ఆకుకూరల నుంచి, కడుక్కోని చేతుల నుంచి అవి నోట్లోకి పోతయి. అందుకే పుట్టినప్పటి నుంచి మాంసం ముట్టనోళ్ళకు కూడా ఈ జబ్బు వస్తది. అంటే తప్పు పందిది కాదు. మరుగుదొడ్డి కట్టని, మురికికాల్వ తియ్యని పాలనది. ఊరి మలమంతా మన వాడ పక్కకు తోలి, అక్కడ తిరిగే పందిని చూపి మనల్ని మురికోళ్ళు అంటరు. మురికి చేసేది ఒకరు, ముద్ర పడేది ఇంకొకరికి!

మెదడువాపు జ్వరం సంగతీ అంతే. ఆ వైరస్ పందుల్లో పెరుగుతది, వరి మళ్ళల్లో పుట్టే దోమ దాన్ని మనిషికి తెస్తది. మాంసం తింటే రాదు. కాబట్టి పందులను ఇండ్లకు దూరంగా దొడ్లల్లో పెంచాలె, పిల్లలకు టీకా వెయ్యాలె. ఇది మేమూ ఒప్పుకుంటం. అయితే ఆ దొడ్డి కట్టుకోను జాగా ఏది? ఎరుకలోళ్ళకు గుంట భూమి ఇవ్వకుండా, పందులు ఊళ్ళె తిరుగుతున్నయని పట్టించి చంపించడం ఆరోగ్య కార్యక్రమమా?

ఎరుకల అక్క బుట్ట నెత్తిన పెట్టుకొని వస్తే, సోది చెప్పించుకోను ఊరంతా అరచెయ్యి చాపుతది. ఆమె చెప్పే మాట కావాలె, ఆమె అల్లిన గంప కావాలె. ఆమె పెంచిన పంది మాత్రం కంపు! బ్రిటిషోడు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, ఆ తర్వాత మద్రాసు రాజ్యంలో ఎరుకల జాతి మెడకు తగిలించిండు. 1952లో ఆ చట్టం రద్దయింది. చూపు రద్దు కాలేదు. మనలో కూడా కొందరు, మాల మాదిగ గూడేల్లో ఉండి, ఎరుకల గుడిసె దగ్గర కూర కొంటరు గానీ అక్కడ కూసొని నీళ్ళు తాగరు. ఈ మాట రాస్తే మనవాళ్ళకు కోపం వస్తది. రానీయండి. పైనోడు మనల్ని తన్నిన కాలితోనే మనం కిందోణ్ని తంతే, జై భీమ్ అనే నోరు మనకెక్కడిది?

తిననోడు వేరు, వెలివేసేవాడు వేరు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలె. మన ముస్లిం సోదరులు పంది ముట్టరు. అది వాళ్ళ విశ్వాసం. మన గూడేల్లోనే, తండాల్లోనే ముట్టని ఇండ్లున్నయి. వాళ్ళతో మనకు పేచీ లేదు. వాళ్ళు వచ్చే విందులో వేరే పొయ్యి, వేరే గిన్నె, వేరే గరిటె పెట్టి మర్యాదగా వడ్డించడం మన బాధ్యత. పంది పేరు చెప్పి వాళ్ళను ఎగతాళి చేసేవాడు, గొడ్డు పేరు చెప్పి మనల్ని కొట్టేవాడు ఒకే బడిలో చదివినోళ్ళు. వాడి చేతిలో మన కూరగిన్నె ఆయుధం కాకూడదు.

నేను తినను అనేవాడు నీ పక్కన కూసుంటడు. నువ్వు తింటవు గనుక నా పక్కన కూసోవద్దు, నా ఇంట్లో అద్దెకు ఉండొద్దు అనేవాడు కులగజ్జి ఉన్నోడు. మా ఉపాధ్యాయ మిత్రుల్లో ఎంతమందికో పట్టణంలో అద్దె ఇంటి దగ్గర అడిగే మొదటి ప్రశ్న "ఏం తింటరు?" అని. ఆ ప్రశ్నకు అర్థం "ఏ కులం?" అని. కులం అడిగితే సిగ్గు గనుక కూర అడుగుతరు.

బడిలో అన్నం డబ్బాలు విప్పే యాళ్ళకు చూడండి. "ఏం కూర్రా?" అంటే మన పిల్లగాడు చేత్తో మూత అడ్డం పెట్టి "పప్పు సార్" అంటడు. డబ్బాలో ఉన్నది బోటి వేపుడు. తొమ్మిదేండ్ల పసివాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోను అబద్ధం ఆడాల్సి వస్తోంది. వాడికి తెలుగు వర్ణమాల మనం నేర్పినం. ఈ అబద్ధం ఎవరు నేర్పిండ్రు? పాఠ్యపుస్తకంలో 'మన ఆహారం' అని బొమ్మ వేస్తే అన్నం, పప్పు, పాలు, అరటిపండు. మా అమ్మల వంట ఏ పుటలో ఉంది?

వండే తీరు

దాచుకున్న వంటను బాజాప్తా రాసి పెడుతున్నం. సంఘం అక్కలు చెప్పిన తీరు ఇది.

పంది పొట్ట, పేగులు కోసిన పూటనే తేవాలె. పొట్టను కోసి, పేగును సన్నపుల్లతో తిరగేసి, లోపలిదంతా పారేసి నీళ్ళతో కడగాలె. తర్వాత గుప్పెడు దొడ్డుప్పు, గుప్పెడు జొన్నపిండి, చింతపండు పులుసు వేసి గట్టిగా పిసకాలె. జిగురు పిండికి పట్టి ఊడొస్తది. కడిగి మళ్ళా పిసకాలె. మూడు నాలుగు సార్లయినంక, పసుపు వేసిన మరిగే నీళ్ళల్లో కాసేపు ముంచి తీసి, కత్తి వెనక అంచుతో లోపలి పొరను గీకాలె. మళ్ళా కడగాలె. వాసనంతా ఆ జిగురులోనే ఉంటది. జిగురు పోతే వాసన పోతది.

ఇంక అల్లం ముక్క, పసుపు వేసి ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబొయ్యాలె. కొత్తనీళ్ళు పోసి, ఉప్పు, అల్లం, నలగ్గొట్టిన మిరియాలు వేసి ఉడకబెట్టాలె. కుండలో గంటన్నర, కుక్కర్లో అరగంట పైన. గుచ్చితే పుల్ల దిగాలె, అప్పటిదాకా దించొద్దు. ఉడికిన నీళ్ళు పారబొయ్యొద్దు, అసలు రుచి అందులోనే ఉంది. ముక్కలు సన్నగా కోసి, మూకుడులో నూనె బాగా కాగినంక ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, అల్లం వెల్లుల్లి వేసి, ముక్కలు పోసి పెద్దమంట మీద తిప్పాలె. కారం, ధనియాల పొడి, మిరియాల పొడి. అంచులు ఎర్రబడి చిటపట మన్నప్పుడు కొత్తిమీర చల్లి దించాలె. జొన్నరొట్టెకు ఇంతకంటే జత లేదు.

ఇక మిగిలిన ఆ ఉడుకునీళ్ళు. పిల్లలు రోడ్డు మీద బండి దగ్గర నూడుల్స్ అని మారాం చేస్తరు గదా! ఆ నూడుల్స్ పుట్టింది చైనాలో. దాన్ని ఏ కులపోడు పిసికిండు, ఏ కులపోడు లాగిండు అని ఒక్కడన్నా అడిగిండా? అడగలేదు. ఆ చైనాలోనే దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ దిక్కు పంది పొట్టను తెల్ల మిరియాలతో ఉడికించిన చారు పేరుమోసిన వంట. బాలింతలకు బలమని పెడతరు. మనమూ అట్లే చేద్దాం. ఆ నీళ్ళను మరిగించి, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు సరిచూసి, విడిగా ఉడికించిన నూడుల్స్ గిన్నెలో వేసి, మీద చారు పోసి, నాలుగు బోటి ముక్కలు, ఉల్లికాడలు, నిమ్మరసం వెయ్యండి. బండి మీద మైదా, నూనె తప్ప ఏముంది? ఇందులో బలముంది. వంద గ్రాముల పంది పొట్టలో సుమారు 17 గ్రాముల మాంసకృత్తులుంటయి. కార్జం, నెత్తురు వండుకుంటే ఇనుము అందుతది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళల్లో వందకు 57 మందికి రక్తహీనత. మాత్రలు ఇయ్యాలె, నిజమే. కానీ తండాల్లో మేక నెత్తురుతో సలోయి వండుకునే తల్లిని చూసి మొహం చిట్లించే సారు, ఆ తల్లికే రక్తం లేదని లెక్చరు ఇస్తే ఏం లాభం?

కడిగేది ఎవరు?

పైన రాసిన పనంతా మళ్ళా ఒకసారి చదవండి. తిరగేసేది, పిసికేది, గీకేది, నాలుగుసార్లు నీళ్ళు మోసేది ఎవరు? మన ఆడవాళ్ళు. రెండుమూడు గంటల చాకిరి. మగోళ్ళు సీసా ముందర పెట్టుకొని "ఇంకా కాలేదా?" అని కేకేస్తరు. కులం మీద ఉపన్యాసం ఇచ్చి వచ్చి, ఇంట్లో పేగు కడగను నామోషీ పడేవాడు సగం ఉద్యమకారుడు. ఆ చేతులకు మైల లేదు అని రాస్తున్నం. అయితే ఆ చేతులు ఆడవాళ్ళవే ఎందుకు కావాలె? మగోడి చెయ్యి కూడా ఆ జిగురులో మునగాలె.

ఏప్రిల్ 14న ఏం వండుదాం?

కొన్ని ఊళ్ళల్లో అంబేద్కర్ జయంతికి పులిహోర, పప్పు మాత్రమే వండుతున్నరు. ఎందుకయ్యా అంటే "అందరూ తింటరు గదా" అంటరు. ఆ 'అందరూ' ఎవరు? ఊళ్ళో పెద్దలు వచ్చి తింటరేమోనని ఆశ. వాళ్ళు వచ్చి దండ వేసి, ఫోటో దిగి, నీళ్ళు కూడా తాగకుండా పోతరు. వాళ్ళ కోసం వండిన పులిహోర మనం తింటం. మన కూర మన పండుగలోనే వెలి!

కాబట్టి సంఘాల ముందు మా ప్రతిపాదనలు ఇవి. జయంతి నాడు పప్పన్నం పక్కన పంది కూర గిన్నె కూడా బహిరంగంగా పెట్టాలె. తిననోళ్ళకు వేరే పొయ్యి. పంది ఎరుకలోళ్ళ దగ్గరే, బేరం లాగకుండా సరైన ధరకు కొనాలె, ఆ కుటుంబాన్ని అదే పంక్తిలో కూసోబెట్టాలె. ప్రతి పంచాయతీలో పందుల దొడ్లకు ఊరికి దూరంగా జాగా, నీళ్ళు, పశువుల డాక్టరు కావాలని గ్రామసభలో రాతపూర్వకంగా అడగాలె. పరిహారం ఇయ్యకుండా ఒక్క పందిని కూడా చంపనియ్యకూడదు. బడిలో పిల్లల అన్నం డబ్బా చూసి మొహం మాడ్చేవాడు ఎవడైనా, తల్లిదండ్రులంతా కలిసిపోయి నిలదియ్యాలె. పండుగనాడు బోటి మగోళ్ళు కడగాలె.

ఉద్యోగాలొచ్చి పట్నం పోయిన మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆఖరి మాట. మీరు తినకపోతే మానండి, బలవంతం లేదు. కానీ మీ ఫీజు కట్టింది ఆ పేగులు కడిగిన చేతులే. మీ సర్టిఫికెట్ మీద ఆ పసుపు మరక కనపడదు గానీ ఉంది. దాన్ని తుడుచుకుంటే మీరు పైకులం కారు. పైకులమోడు మిమ్మల్ని అడిగే "ఏం తింటరు?" అనే ప్రశ్నకు, ఈసారి తలెత్తి కూర పేరు చెప్పండి.

జై భీమ్!